ఫోటోల కరణీకం

1984 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఊళ్ళలో భూమి లెక్కలు రాసే కరణాల ఉద్యోగాలు రద్దు చేసింది. ఆ వార్త విని మా దేవనకొండలో ఎవరు సంబరపడ్డారో, ఎవరు అన్నం మానేశారో మా అవ్వ ఇంటిపేర్లతో సహా ఇప్పటికీ చెబుతుంది. కరణీకం అంతటితో పోయిందని లోకమంతా అనుకుంటోంది. పోలేదు. వేషం మార్చుకొని వచ్చి నా మెడకు చుట్టుకుంది. నేను మా వంశానికి ఫోటోల కరణాన్ని.

ఈ ఉద్యోగానికి పరీక్ష లేదు, జీతం లేదు, బదిలీ అసలే లేదు. ఫోనులోంచి కంప్యూటర్లోకి ఫోటోలు ఎక్కించడం మనకు వచ్చని ఎప్పుడో ఒకసారి నలుగురి ఎదుటా బయటపడితే చాలు, నియామకం అయిపోయినట్టే. బాధ్యతలు మాత్రం లెక్కలేనన్ని. బంధువుల్లో ఎవరైనా పోతే గంటలోపల దండ వెయ్యదగ్గ ఫోటో తీసివ్వాలి. అందులో పోయినాయన పళ్ళు బయటపెట్టి నవ్వి ఉండకూడదు, మొహం ముడుచుకొని ఉండకూడదు, భుజం మీద ఇంకొకరి చెయ్యి ఉండకూడదు. పిల్లకు సంబంధం వస్తే చీరె కట్టుకొని ఒంటరిగా నిలబడిన ఫోటో కావాలి. అన్నదమ్ములకు భాగాల పంచాయతీ వస్తే, ఫలానా ఏడు గట్టు మీద వేపచెట్టు ఉండెనా లేదా అనేదానికి ఫోటో సాక్ష్యం చూపించాలి. చెట్టు కనబడితే చిన్నాయన మాట్లాడడు, కనబడకపోతే పెదనాయన మాట్లాడడు. ఇద్దరూ మాట్లాడనిది నాతోనే.

మా నాయన కాలంలో ఈ బాధ లేదు. రీలుకు 36 ఫోటోలు, అంతే. పెళ్ళికి ఆదోని నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు 36 అయిపోగానే రెండో రీలు వెయ్యమంటారా అని మా తాతను అడిగినాడంట. తాత నోటితో చెప్పకుండా చేత్తోనే వద్దన్నాడంట. అందుకే మా ఆల్బంలో తలంబ్రాల దాకా ఉన్నాయి, అప్పగింతలు లేవు. రికార్డు ప్రకారం మా అమ్మను ఇప్పటికీ ఎవరూ ఎవరికీ అప్పగించలేదు. ఆ మాట మా నాయనతో గొడవ వచ్చినప్పుడల్లా ఆమె గుర్తు చేస్తూ ఉంటుంది.

ఆ తర్వాత 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ఫోన్లు చౌక, డేటా చౌక, నొక్కే వేలికి అలుపు లేదు. మా తాత బతికినన్నాళ్ళూ తీయించుకున్న ఫోటోలన్నీ పరిస్తే మంచం సగం నిండదు. మా చిన్నాయన టమాటా చేనులో ఒక్కొక్క కాయకు అంతకంటే ఎక్కువ ఫోటోలున్నాయి.

ఇంటిల్లిపాది ఫోన్లూ, పాత కంప్యూటరూ, డ్రాయర్లో దొరికిన మెమరీ కార్డులూ అన్నీ ఒకచోట గుమ్మరించి చూస్తే, మా వంశ చరిత్రలో మనుషుల వాటా చాలా తక్కువని తేలింది. పెద్ద వాటా టమాటాలది. పత్తికొండ మార్కెట్టుకు సరుకు తోలే ముందు చిన్నాయన బుట్ట బుట్టకూ ఫోటో తీసి వ్యాపారులకు పంపుతాడు. ధర పడిపోయిన ఏడు రోడ్డు పక్కన పారబోసిన టమాటాల ఫోటోలు కూడా ఉన్నాయి, అవి ఎవరికీ పంపలేదు. తర్వాత పురుగు పట్టిన ఆకులు. పత్తి ఆకు, మిరపాకు, కంది ఆకు. అవి మందులంగడాయనకు చూపించడానికి తీసినవి. ఆ తర్వాత బోరు మోటారు మీది నంబరు పలక, పట్టాదారు పాసుపుస్తకం, బస్సు టైముల బోర్డు, సగం వేలు, సగం చీకటి, జేబు లోపలి భాగం.

గుడ్‌మార్నింగులు సరేసరి. భారతదేశంలో ఫోన్లు ఎందుకు నిండిపోతున్నాయని గూగుల్ వాళ్ళు వెతికితే పొద్దున్నే జనం పంపుకొనే పూలూ సూర్యోదయాలూ కారణమని తేలిందంట. 2018లో అమెరికాలోని వాల్ స్ట్రీట్ జర్నల్ ఆ సంగతి పెద్ద వార్తగా వేసింది. మా ఆదోని అత్త ఫోను చూపించి ఉంటే వాళ్ళకు అంత వెతుకులాట తప్పేది.

వీటన్నిటికంటే జటిలమైనది మా బావ సంచిక. తొలకరి పడిందంటే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చేరతారు. మా బావ ప్రతి ఏడూ పోతాడు. మెరిసే రాయి కనబడితే నాలుగు వైపుల నుంచీ ఫోటో తీస్తాడు. తెలిసినవాళ్ళకు పంపుతాడు, వాళ్ళు ఉత్త రాయేనంటారు, ఆయన దాన్ని పారేస్తాడు. ఫోటో మాత్రం పారెయ్యనివ్వడు.

"బావా, రాయే లేదు కదా, ఫోటో ఏం చేసుకుంటావు?" అంటే,

"రేపు ఎవడన్నా చూసి ఇది వజ్రమంటే?" అంటాడు.

"అన్నాడే అనుకో. ఆ రాయి యాడ పారేసినావో గుర్తుందా?"

"అది గుర్తుంటే నీతో నాకేం పనప్పా!"

ఇంత సామగ్రిని వరసలో పెట్టాలంటే ముందు తేదీలు కావాలి. కెమెరాతో గానీ ఫోనుతో గానీ తీసిన ఫోటో ఫైలు లోపలే తీసిన తేదీ, గంట, కెమెరా పేరు రాసి ఉంటాయి. దాన్ని ఎగ్జిఫ్ అంటారు. అది చెప్పింది నమ్మి వరస పేర్చుకోవచ్చు. కానీ వాట్సాప్‌లో పంపిన ఫోటో దారిలో చిక్కిపోతుంది, లోపలి రాతలూ రాలిపోతాయి. అందుకున్నవాళ్ళ ఫోనులో దాని పేరు ఐఎంజీ-20190406-డబ్ల్యూఏ0012 అని కనబడుతుంది. ఆ అంకెలు ఫోటో ఫోనుకు చేరిన తేదీ, తీసిన తేదీ కాదు. అందువల్ల మా వదిన సీమంతం ఆమె కొడుకు అక్షరాభ్యాసం తర్వాత జరిగినట్టు రికార్డయింది. అసలు ఫోటో చెక్కుచెదరకుండా రావాలంటే ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపాలని బంధువులందరికీ చెప్పి చూశాను. "డాక్యుమెంటంటే రిజిస్ట్రారు ఆఫీసుకు పోవాల్నా?" అని పెదనాయన అడిగాడు. భాగాల తగాదా ఇంకా తెగలేదు కాబట్టి ఆయన ఆలోచన అటే పోతుంది.

పాత డిజిటల్ కెమెరాది మరో కథ. దాని లోపలి బ్యాటరీ చచ్చిపోయి, ఆన్ చేసిన ప్రతిసారీ క్యాలెండరు మొదటికి వచ్చేది. దాని లెక్కలో మా ఇంట్లో శుభకార్యాలన్నీ జనవరి ఒకటో తారీఖునే జరిగాయి.

అలాంటి చోట అవ్వే దిక్కు. ఆమెకు ఎగ్జిఫ్ తెలియదు. ఫోటో కళ్ళకు దగ్గరగా పట్టుకొని, "ఇది మీ అత్త కమ్మలు బ్యాంకులో పెట్టకముందుది" అంటుంది. ఇంకోటి చూసి, "ఇది కమ్మలు విడిపించినాక, గాజులు పెట్టకముందు" అంటుంది. బంగారు అప్పుల కాగితాలు తీసి చూస్తే తేదీ నెలతో సహా సరిపోతుంది. చెవుల్లో ఏముందో చూసి సంవత్సరం చెప్పగల యంత్రం ఇంకా ఎవరూ చెయ్యలేదు. "తుంగభద్ర పుష్కరాలకు మంత్రాలయం పోయినప్పటిది" అన్నదంటే ఇంకో చిక్కు: పుష్కరాలు 2008లోనా, 2020లోనా? అవ్వ నన్ను జాలిగా చూస్తుంది. "మూతికి గుడ్డ కట్టుకున్నారేమో సూడు నాయనా. కట్టుకోకుంటే మొదటిది." కరోనా కాలంనాటి పుష్కరాలను తేల్చడానికి అంతకంటే సులువు లేదు.

ఆమె చెప్పిన లెక్కతోనే పేర్లు పెడుతున్నాను. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, ఆ పైన సందర్భం: 2008-12 తుంగభద్ర పుష్కరాలు. మనం మామూలుగా రాసేటట్టు రోజు ముందు రాస్తే కంప్యూటరు అన్ని ఏళ్ళ ఒకటో తారీఖులనూ ఒకచోట కూర్చోబెడుతుంది. సంవత్సరం ముందు రాస్తే చరిత్ర దానంతటది బారు తీరుతుంది. ఇది చెప్పడానికి చిన్న సంగతే గానీ, నా నౌకరీలో సగం శ్రమ ఈ ఒక్క అలవాటుతో తగ్గింది.

మొహాలను బట్టి ఫోటోలు వేరుచేసే ఏర్పాటు కూడా ఇప్పుడు వచ్చింది. దానికి మా వంశాన్ని అప్పగించాను. మాకందరికీ ఒకటే ముక్కు. అది మా నాయననూ నన్నూ పెదనాయననూ ఒకే మనిషిగా కట్టేసి, ఆ మనిషి 1978 నుంచి ఇప్పటిదాకా జుట్టు ఊడుతూ మొలుస్తూ ఉన్నట్టు చూపింది. అంతకంటే పెద్ద వింత, మా తాత. ఆయన పోయి పాతికేళ్ళు దాటింది. యంత్రం లెక్కలో మాత్రం ఆ తర్వాత జరిగిన నామకరణాలకూ, గృహప్రవేశానికీ, మా అన్న పెళ్ళిచూపులకూ అన్నిటికీ తాత హాజరు. గోడ మీది దండ వేసిన ఫోటో వెనకాల పడిందన్నమాట. అవ్వకు ఆ సంగతి విప్పి చెబితే ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "బతికుండగా ఒక్క శుభకార్యానికి కుదురుగా కూసోలేదు. ఇప్పుడన్నా కూసున్నాడులే" అంది.

అవ్వ తర్వాత మా ఆల్బంలో ఎక్కువసార్లు కనబడిన మొహం ఎవరిదో తెలుసా? ఒక నాయకుడిది. పేరు వద్దులెండి. బస్టాండు దగ్గర ఏ ఫోటో తీసినా వెనకాల ఫ్లెక్సీలో చేతులు జోడించి ఆయనే ఉన్నాడు. ఇంటి మనుషుల జాబితాలో ఆయనను ఉంచాలా తీసెయ్యాలా అన్నదాని మీద మా ఇంట్లో రెండు పార్టీలున్నాయి.

ఇక అసలైన యుద్ధం తుడిచివేతల దగ్గర. ఒకే దృశ్యానికి తొమ్మిది ఫోటోలుంటే మంచిది ఒకటి ఉంచి తక్కినవి తీసెయ్యమని పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ పుస్తకాలు రాసినవాళ్ళకు వదినలు లేరు. మొదటిదాంట్లో వదిన బాగా పడింది, అన్న కళ్ళు మూసుకున్నాడు. రెండోదాంట్లో అన్న కళ్ళు తెరిచాడు, వదిన నోరు తెరిచింది. మూడోదాంట్లో ఇద్దరూ బాగున్నారు, అత్త తల సగమే ఉంది. ఏది తీసెయ్యబోయినా ఒకరు వచ్చి అడ్డం పడతారు. చివరికి తొమ్మిదీ ఉంటాయి, "అన్నీ బాగానే ఉన్నాయి కదప్పా" అనే తీర్పుతో.

ఈ విషయంలో మాకంటే ముందే మా వైపు ఒకాయన చిక్కుకున్నాడని ఎర్రగుడి చూసినాక తెలిసింది. పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో ఉంటుంది. అక్కడి గుండ్ల మీద క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. 14 పెద్ద శాసనాలూ, వాటితోపాటు చిన్న శాసనాలూ ఒక్కచోటే. పద్నాలుగోది చదివినవాళ్ళు చెప్పిన సారాంశం విని నేను అక్కడే ఒక గుండు మీద కూలబడ్డాను. నా శాసనాలు కొన్నిచోట్ల పొట్టిగా, కొన్నిచోట్ల మధ్యరకంగా, కొన్నిచోట్ల విస్తారంగా ఉన్నాయంటాడు చక్రవర్తి. కొన్ని మాటలు తియ్యగా ఉన్నాయని మళ్ళీ మళ్ళీ రాయించానంటాడు. అక్కడక్కడా అసంపూర్తిగా ఉంటే అది స్థలం వల్లనో, రాసినవాడి పొరపాటు వల్లనో అంటాడు. సైజులు మూడు రకాలు, నకళ్ళు తీపి కొద్దీ, తప్పంతా గుమాస్తాది! మా వంశం ఫోటోల మీద ఇంతకంటే క్లుప్తంగా ఎవరూ నివేదిక రాయలేరు. ఇంటికొచ్చి వదినకు ఆ మాట చెప్పాను. "చూసినావా, అంతటి అశోకుడే ఏదీ తియ్యలేదు" అంది. ఆయన తీసినవీ ఉన్నాయి. కళింగ యుద్ధంలో అన్ని లక్షలమంది కష్టాల పాలయ్యారని పశ్చాత్తాపపడిన పదమూడో శాసనం మా ఎర్రగుడిలో ఉంది గానీ, ఆ కళింగలోనే ఉన్న ధౌలిలో, జౌగడలో చెక్కించలేదు. ఎవరికి ఏ ఫోటో పంపకూడదో ఆయనకు బాగా తెలుసు.

ఎర్రగుడికి అంత దూరం కాని రాజుల మందగిరిలో కూడా అశోకుడి చిన్న శాసనం ఉంది. అదీ పత్తికొండ పక్కనే. అక్కడి అక్షరాలు చాలావరకు అరిగిపోయాయి. అయినా అందులో ఏముందో పండితులు చెప్పగలిగారు, ఎందుకంటే అదే పాఠం ఎర్రగుడి గుండు మీద మిగిలి ఉంది. ఒకచోట అరిగితే ఇంకోచోట మిగలాలన్న ఆలోచనతో చెక్కించాడో, జనానికి చేరాలనే చెక్కించాడో గానీ, ఫలితం మాత్రం అదే.

ఇవాళ ఫోటోలవాళ్ళు దీన్ని 3-2-1 అంటారు. అమెరికా ఫోటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ఆ పేరుతో ప్రచారంలోకి తెచ్చాడు. ప్రతి ఫోటోకూ మూడు ప్రతులుండాలి, అవి రెండు రకాల వస్తువుల మీద ఉండాలి, అందులో ఒకటి వేరే చోట ఉండాలి. చివరి అంకె ఎందుకో మా వాళ్ళకు నేను చెప్పే పని లేకపోయింది. హంద్రీ చెప్పింది.

మద్దికెర పొలాల్లో వాన నీళ్ళతో పుట్టే హంద్రీని మేము నది అనడానికి మొహమాటపడతాం. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అదే హంద్రీ కోడుమూరు మీదుగా పోయి కర్నూలులో తుంగభద్రలో కలుస్తుంది. 2009 అక్టోబరు 2న ఆ రెండూ కలిసి కర్నూలు నగరంలోకి వచ్చాయి. పాతబస్తీలో ఉన్న మా చిన్నత్త వాళ్ళు మిద్దె మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. బీరువాలోని ఆల్బములు ముద్ద కట్టాయి, పెళ్ళి వీడియో క్యాసెట్టు నిండా బురద. మనుషులు దక్కారు, అదే పదివేలు. కానీ ఆర్నెల్లు పోయినాక ఆమె మా ఇంటికొచ్చి గోడల మీది పటాలు ఒక్కొక్కటే చూడటం మొదలుపెట్టింది. ఆమె పెళ్ళప్పుడు బంధువులకు పంచిన ఫోటోలు దేవనకొండలో ఒకటి, ఆదోనిలో రెండు, ఎమ్మిగనూరులో ఎవరి ట్రంకు పెట్టెలోనో నాలుగు దొరికాయి. అట్లా పోగేసిన పెళ్ళి ఆల్బంలో ఇప్పుడు ఆమె పెళ్ళికొడుకు కంటే మేనమామలే ఎక్కువ కనబడతారు. ఎందుకంటే ఎవరికి పంచిన ఫోటోలో వాళ్ళుంటారు కదా. "ఉండనీ, మేనమామలు లేకుండా పెళ్ళేమిటి" అని ఆమె సర్దుకుంది. మా వంశంలో ప్రతులు తియ్యడాన్ని ఎవరైనా ఎగతాళి చేస్తే ఇప్పుడు మొదట తిట్టేది ఆమే.

కాబట్టి మా ఏర్పాటు ఇది. ఒక ప్రతి మా ఇంట్లో కంప్యూటర్లో. రెండోది హార్డ్ డిస్కులో, ఆదోని అత్త బీరువాలో పట్టుచీరెల మధ్య. మూడోది క్లౌడులో, బెంగళూరులో పనిచేసే తమ్ముడి పేరు మీద, నెలకింత కట్టి. ఒకప్పుడు గూగుల్ ఫోటోస్‌లో కాస్త తగ్గించిన సైజులో ఎన్నైనా ఉచితంగా పెట్టుకొనే వీలుండేది. 2021 జూన్ 1 నుంచి ఉత్తరాలకూ ఫైళ్ళకూ ఫోటోలకూ అన్నిటికీ కలిపి 15 జీబీ అన్నారు. బావ రాళ్ళకే అది చాలదు.

హార్డ్ డిస్కు ఏడాదికి రెండుసార్లు దేవనకొండ వచ్చి కొత్త ఫోటోలు ఎక్కించుకొని పోవాలి. తారీఖులు పెట్టుకుంటే ఎవరికీ గుర్తుండదు కాబట్టి పండగలకు కట్టాను. ఉగాది మర్నాడు ఆస్పరి మండలం కైరుప్పలలో పిడకల సమరం జరుగుతుంది. దానికి పోయే దారిలో అత్త డిస్కు తెచ్చి ఇస్తుంది. రెండోసారి దసరాకు. దసరా నాడు ఆయుధపూజలో కత్తిపీటతోపాటు, మిక్సీతోపాటు అత్త ఆ డిస్కుకు కూడా కుంకుమ బొట్టు పెడుతుంది. వైరు దూర్చే రంధ్రంలోకి కుంకుమ పోకుండా చూసుకోమని నేను, బొట్టు లేకుండా పూజ ఎట్లని ఆమె. రంధ్రానికి ప్లాస్టరు అంటించి, దాని మీద బొట్టు పెట్టేటట్టు రాజీ అయింది. అదే రోజు రాత్రి మా వాళ్ళు కొందరు హొళగుంద వైపు దేవరగట్టు బన్ని ఉత్సవానికి పోతారు. కర్రల మధ్య, కాగడాల మధ్య పరుగెత్తుతూ తీసిన ఆ ఫోటోల్లో ఏదీ కనబడదు. ఏదీ కనబడకపోయినా సరే, అవి కూడా మూడు ప్రతులే.

డిస్కు వచ్చిన ప్రతిసారీ అందులోంచి ఏవో కొన్ని ఫోటోలు తెరిచి చూస్తాను. దాచామనుకోవడం వేరు, తెరుచుకోవడం వేరు. ఫోనుకూ క్లౌడుకూ జత కలిపి ఉంటే ఒకచోట తుడిస్తే రెండోచోట కూడా పోతుందని బావ ద్వారా అందరికీ తెలిసింది. ఫోను నిండిందని ఆయన ఒక మధ్యాహ్నం అన్నీ తుడిచేసి, "పైన ఉన్నాయిలే" అని పడుకున్నాడు. పైన చూస్తే లేవు. చెత్తబుట్టలో 60 రోజులు నిలవ ఉంటాయి కాబట్టి గడువులోపల తిరిగి తెచ్చాం. ఆ నిద్ర లేచిన బావ ముఖం నేను ఫోటో తీసి పెట్టుకున్నాను. దానికీ మూడు ప్రతులున్నాయి.

ఈ హంగంతా లేనివాళ్ళ సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. మా పక్క పల్లెల నుంచి కాపు అయిపోగానే పిల్లాజెల్లాతో గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికీ, పత్తి తియ్యడానికీ పోతారు. నెలల తరబడి ఊళ్ళలో ఇళ్ళకు తాళాలు. వాళ్ళ ఫోటోలన్నీ వాళ్ళ వెంట తిరిగే ఒక్క ఫోనులో ఉంటాయి. మా వీధిలో ఒకామె ఫోను అట్ల పోయినప్పుడే మిరప చేనులో పడి నీళ్ళ పాలైంది. కూతురి మొదటి పుట్టినరోజు ఫోటోలు అందులోనే ఉన్నాయి. "ఏమన్నా చెయ్యన్నా" అని వచ్చింది. నా చేతిలో ఏ మంత్రమూ లేదు. "ఆ పొద్దు కేకు కోసినప్పుడు పక్కన ఎవరెవరున్నారు?" అని అడిగాను. మరదలుంది, అంగన్‌వాడీ టీచరుంది, మేనమామ ఉన్నాడు. మేనమామ ఫోనులో దొరికింది, చిన్నదే, వాట్సాప్‌లో చిక్కిపోయిందే. దాన్ని బస్టాండు దగ్గర స్టూడియోలో కాగితం మీద తీయించి ఇచ్చాను. కాగితానికి ఛార్జింగు అక్కర్లేదు, పాస్‌వర్డు అక్కర్లేదు, మిరప చేనుకు తీసుకపోకుండా గోడకు తగిలించి పోవచ్చు. ఏడాదికి పది మంచి ఫోటోలు కాగితం మీదికి తీయించి పెట్టుకోండని ఇప్పుడు అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెబుతున్నాను.

ఇంత చేసినా మా వంశ రికార్డు భద్రమని నేను ఛాతీ విరుచుకోలేదు. కారణం మళ్ళీ ఆ అశోకుడే. ఆయన దేశం నిండా ప్రతులు చెక్కించాడు. రాయి కంటే గట్టి డిస్కు ఎవరి దగ్గర ఉంది? రాళ్ళు మిగిలాయి. కానీ ఆ లిపి చదివేవాళ్ళు కొన్ని వందల ఏళ్ళపాటు ఒక్కరూ మిగలలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని విప్పేదాకా అవి ఉత్త గీతలు. మా ఎర్రగుడి శాసనాలైతే 1929 ప్రాంతంలో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంటబడేదాకా ఎవరికీ పట్టలేదు. రెండు వేల ఏళ్ళు గొర్రెలు వాటి మీద నీడకు పడుకున్నాయి. ప్రతులు ఎన్నున్నా, అందులో ఉన్నదెవరో చెప్పేవాళ్ళు పోతే ఫోటో కూడా అంతే.

అందుకని ఇప్పుడు డిస్కుల కంటే అవ్వ ముఖ్యమైంది. రోజూ సాయంత్రం ఆమె ముందు పాత ఫోటోలు పరిచి, ఒక పెద్ద నోటుబుక్కులో రాసుకుంటున్నాను. కరణాల పొలం లెక్కల పుస్తకం పేరు మీద దానికి ఫోటోల అడంగల్ అని మా అన్న కూతురు పేరు పెట్టింది. పట్టాదారు గడిలో ఫోటోలో ఉన్నవాళ్ళ పేర్లు, అనుభవదారు గడిలో ప్రస్తుతం ఆ ఫోటో ఎవరింట్లో ఉందో వాళ్ళ పేరు. పని జోరుగా సాగుతుందనుకుంటే పొరపాటు. ఒక్కొక్క మనిషి పేరు వెనకాల ఒక పొలం తగాదా, ఒక చెడిన సంబంధం, తిరిగి ఇవ్వని ఇత్తడి గుండిగ ఉంటాయి. అవన్నీ వినందే పేరు చెప్పదు. అవ్వ మాటల్ని ఫోనులో రికార్డు చేసుకుంటున్నాను. వాటికీ పేర్లు పెట్టాలి, తేదీలు వెయ్యాలి, మూడు చోట్ల దాచాలి. ఒక పని పూర్తి చెయ్యబోతే రెండు పనులు పుట్టే ఉద్యోగం ఇది.

అన్న కూతురు ఇంటర్ చదువుతోంది. నా తర్వాత ఈ బాధ్యత తనదేనని ఒప్పుకుంది. పాస్‌వర్డులు ఆమెకు కూడా తెలుసు. ఆమె ఒకే షరతు పెట్టింది: "చిన్నాయనా, రాళ్ళ ఫోటోలు మాత్రం నేను మొయ్యను." ఆ షరతు ఇంకా బావకు తెలియదు.

అడంగల్‌లో ఇప్పటికి దాదాపు అన్ని గడులూ నిండాయి, ఒక్కాయన తప్ప. బుర్ర మీసాలు, కోర రుమాలు, చేతిలో గొడుగు. మా నాయన పెళ్ళి ఫోటోలో బంతి చివర కూర్చొని అన్నం కలుపుతున్నాడు. అత్త నిశ్చితార్థంలోనూ ఉన్నాడు. ఎమ్మిగనూరు జాతరలో గుడ్డ మీద తాజ్‌మహలు ముందర తీసిన గుంపు ఫోటోలో మా తాత పక్కనే నిలబడ్డాడు. మా నాయన తరపు వాళ్ళు ఆయన మా అమ్మ వైపు మనిషంటారు. అమ్మ తరపు వాళ్ళు ఆయన నాయన వైపు మనిషంటారు. ఫోటో ఊళ్ళన్నీ తిప్పాను, ఎవరూ పోల్చలేదు. చివరికి అవ్వనే తేల్చమన్నాను. ఆమె అద్దాలు తుడుచుకొని చాలాసేపు చూసింది.

"ఈయప్ప ఎవరో తెల్దు నాయనా. కానీ మన ఇంట్ల రెండు శుభకార్యాలకు అన్నం తిన్నాడు. ఇంగ మనోడే. రాసుకో" అంది.

"ఏమని రాసుకోవాలవ్వా?"

"గొడుగు మామ అని రాయి. ఎవరన్నా వచ్చి కాదంటే అప్పుడు కొట్టేద్దువు."

గొడుగు మామ పేరుతో ఒక ఫోల్డరు తెరిచాను. మూడు చోట్లా ఎక్కించాను. ఆయన తరపు వాళ్ళెవరైనా ఇది చదివితే దయచేసి దేవనకొండ రండి. ఫోటోలు ఇస్తాం, భోజనం పెడతాం. మా అవ్వకు మాత్రం ఒక సంజాయిషీ చెప్పుకోవాలి: రెండు శుభకార్యాలకు వచ్చిన మనిషి చదివింపుల పుస్తకంలో ఎక్కడా ఎందుకు లేడు?